మూడు గంటల అత్త

మా ఎర్సీలియా అత్తది ఒక్కటే పట్టు. తిన్న తర్వాత మూడు గంటల దాకా మనిషన్నవాడు సముద్రంలో దిగకూడదు. దిగాడో, కడుపులో తిండి గడ్డకట్టి, కాళ్ళూ చేతులూ కొయ్యబారి, రాయిలా మునిగిపోతాడు. మా కలాబ్రియా తీరంలో ఈ మాట నమ్మని తల్లి లేదు. కాని తక్కిన తల్లులు రెండు గంటలు కాగానే పిల్లల పోరు పడలేక వదిలేసేవారు. మా అత్త మాత్రం ఆ నమ్మకాన్ని చట్టం చేసి, గొడుగు కింద మడతకుర్చీ వేసుకుని, ఒళ్ళో గడియారం పెట్టుకుని, ఆ చట్టాన్ని మా ముగ్గురి మీదా అమలు చేసేది. నాకు పదేళ్ళు, తమ్ముడు రొక్కోకు ఎనిమిది, చెల్లెలు నున్‌జియాకు నాలుగు.

అత్త మా నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళకు బట్టలు కుట్టేది. నాన్న జర్మనీలో ఫ్యాక్టరీ పనిలో ఉండి, ఏడాదికి రెండు వారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు. అమ్మ వేసవి మూడు నెలలూ ఒడ్డు చివరనున్న హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసేది. మేము కళ్ళు తెరిచేసరికే వెళ్ళిపోయేది. కనక సెలవుల్లో మమ్మల్ని కాయడం అత్త పని.

ఆవిడ లెక్కలో ప్రతి తిండికీ ఒక గడువుంది. మాకరోనికి మూడు గంటలు. పక్కన వంకాయ వేపుడు ఉంటే మూడుంబావు. పుచ్చకాయ ముక్కకు గంట. గింజ మింగితే గంటన్నర.

"గింజ మింగలేదత్తా, ఉమ్మేశాను," అనేవాడు రొక్కో.

"ఎక్కడ? చూపించు."

వాడు ఇసుకంతా తవ్వి ఒక గింజ పట్టుకొచ్చేవాడు. అత్త దాన్ని ఎండకెత్తి తిప్పి చూసేది. "ఇది నీది కాదురా. ఎండిపోయి ఉంది. ఎవరో నిన్న ఉమ్మింది."

పొద్దున పదింటికి పాలూ రొట్టే. తక్కిన ఇళ్ళలో పిల్లలందరూ ఎనిమిదింటికే తాగే పాలు మాకు పదింటికెందుకో ఎవరికీ తెలియదు. పదకొండింటికి సముద్రపు ఒడ్డుకు. ఒంటి గంటకు భోజనం. రొట్టె అరిగేలోపల మాకరోని వచ్చిపడేది. మాకరోని అరగాలి. అలా మా కళ్ళెదుట సముద్రం పొద్దంతా మెరుస్తూనే ఉండేది, మేము చీలమండల దాకా మాత్రం తడిసి నిలబడి ఉండేవాళ్ళం. పక్క గొడుగుల పిల్లలు నీళ్ళలోంచి వచ్చి, ముడతలు పడిన వేళ్ళు మాకు చూపించి మరీ వెళ్ళేవారు. ఆ ముడతల కోసం నేను కుళ్ళిపోయేదాన్ని.

ఒకరోజు రొక్కో ఎదురుతిరిగాడు. "నేనివాళ భోజనం చెయ్యను. తినకపోతే అరగాల్సిందేముంటుంది?"

అత్త సూదిలో దారం ఎక్కిస్తూనే అంది, "మానెయ్ నాయనా. ఖాళీ కడుపుకి ఐదు గంటలు."

"ఐదా! ఎందుకూ?"

"మూతలేని డబ్బా నీళ్ళలో వెయ్యి. ఏమవుతుంది?"

"నీళ్ళు నిండి మునుగుతుంది."

"మరి?"

వాడు బుద్ధిగా కూర్చుని రెండు పళ్ళేల మాకరోని తిన్నాడు. "రెండు పళ్ళేలా? అయితే వీడికి నాలుగు గంటలు పడుతుంది," అని అత్త బెదిరించింది కాని, ఆ రోజు కూడా నాలుగింటికే వదిలింది. అదొక విచిత్రం. గింజలు మింగినా, వేపుడు తిన్నా, ఎన్ని కూడికలు తీసివేతలు వేసినా, ఆవిడ లెక్క తేలేది ఎప్పుడూ నాలుగింటికే.

వదిలేముందు తనిఖీ కూడా ఉండేది. వరసగా పడుకోబెట్టి మా పొట్టలకు చెవి ఆనించి వినేది. "నున్‌జియాది నిద్రపోయింది. మిరెల్లాది గొణుగుతోంది. ఒరేయ్ రొక్కో, నీ మాకరోని ఇంకా కబుర్లు చెబుతోందిరా, ఐదు నిమిషాలు ఆగు." నున్‌జియా కూడా గంభీరంగా తన బొమ్మ పొట్టకు చెవి ఆనించేది. బొమ్మకు ఎప్పుడూ అరిగేది కాదు.

ఓసారి బొలోన్యా నగరం నుంచి వచ్చిన డాక్టరొకాయన పక్క గొడుగు కింద దిగాడు. మా అవస్థ చూడలేక జోక్యం చేసుకున్నాడు.

"అమ్మా, ఈ మూడు గంటల మాటకు వైద్యంలో ఆధారం లేదు. పిల్లల్ని వదలండి."

"మీకు పిల్లలున్నారా డాక్టరు గారూ?"

"ఇద్దరు. అదిగో, ఈదుతున్నారు."

అత్త కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఆ పుల్లల్లా ఉన్నవాళ్ళా? వాళ్ళకు తిండి ఒంటబట్టకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది. కూర్చోండి, వంకాయ వేపుడు పెడతాను."

డాక్టరు వేపుడు తిన్నాడు. లేచి నీళ్ళవైపు నడవబోయాడు. అత్త గడియారం పైకెత్తి చూపించింది. పాపం, ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టేది కాదు. గులకరాళ్ళతో కోటలు, చెంబుతో నీళ్ళు మోసే పందేలు, పేకాటలో మోసం పట్టుకోవడం, అన్నీ ఆ గంటల్లోనే నేర్పింది. ఈత కూడా ఇసుకమీదే నేర్పింది. మేము బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడిస్తుంటే, "మోకాలు వంచకు! కప్పలా కాదు, చేపలా!" అని కుర్చీలోంచి అరిచేది. ఆవిడ నీళ్ళలో దిగగా మేము ఏనాడూ చూడలేదు.

నాలుగయ్యేసరికి హోటల్ దారి వెంట అమ్మ వచ్చేది. చెప్పులు చేత్తో పట్టుకుని, చేతులు సబ్బు వాసనేస్తూ, ముఖం ఆవిరికి ఎర్రబడి. అప్పుడే అత్త "ఊ, పొండి," అనేది. మేము అరుచుకుంటూ నీళ్ళలో పడేవాళ్ళం. అమ్మ గట్టునే కూర్చుని పాదాలు అలల్లో పెట్టుకుని మమ్మల్ని చూసేది. ఆ ఒక్క గంటే. ఆ తర్వాత ఇల్లు, వంట, కూర్చున్నచోటే ఆమె కునికిపాట్లు.

ఇప్పుడు మా ఇంటి గుమ్మం నుంచి సముద్రానికి ఐదు నిమిషాలు. ఎప్పుడు దిగినా అడిగేవాళ్ళు లేరు. కాని నాలుగయ్యేదాకా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసిన ఆ సముద్రం ఇది కాదు. దీనికోసం ఎవరూ నన్ను ఆగమనడం లేదు మరి.

ఆ వేసవి రొక్కో ఒక పంతం పట్టాడు. ఒడ్డుకు ముప్పై బారల దూరంలో గాడిదబండ అని ఒక రాయి ఉంది. దానిదాకా ఈది పైకెక్కినవాడే మా ఊళ్ళో మగాడు. ఆగస్టు చివర్లో ఒకరోజు గాలి పడిపోయి సముద్రం నూనె పోసినట్టుంది. "ఇవాళే," అన్నాడు రొక్కో. అమ్మకు కూడా పొద్దున్నే లేచి చెప్పి పంపాడు.

నాలుగైంది. అమ్మ రాలేదు. ఆ రోజు హోటల్లో పాతవాళ్ళు ఖాళీ చేసి కొత్తవాళ్ళు దిగారని, దుప్పట్లన్నీ మార్చాల్సి వచ్చిందని మాకు తర్వాత తెలిసింది.

"అత్తా, నాలుగు!"

"ఇవాళ మాకరోనిలో జున్ను ఎక్కువ వేశాను. అరగంట ఆగాలి."

నాలుగున్నరైంది. "నున్‌జియాకు వెక్కిళ్ళు వచ్చాయి. ఒకరికొస్తే అందరికీ అంటుకుంటాయి. ఆగండి."

పావుతక్కువ ఐదైంది. అత్త దగ్గర కారణాలు అయిపోయాయి. "ఆకాశం చూడు, ఎలా ఉందో," అంది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

రొక్కో ఏడుపు ఆపుకోలేకపోయాడు. "నీకు మేమంటే ఇష్టం లేదు. సముద్రమన్నా ఇష్టం లేదు. నేను పోతున్నా!" అంటూ నీళ్ళవైపు పరుగెత్తాడు. అత్త కుర్చీ తలకిందులయ్యేలా లేచి, మోకాళ్ళ నీళ్ళలో వాణ్ణి రెక్క పట్టుకుంది. వాడు గింజుకుంటున్నాడు. చుట్టూ గొడుగులన్నీ మావైపు తిరిగాయి. అత్త మాత్రం గడియారం చూడటం లేదు, వాణ్ణీ చూడటం లేదు. మెడ తిప్పి హోటల్ దారి చూస్తోంది.

నాకు చటుక్కున అర్థమైంది. పాలు పదింటికెందుకో, భోజనం ఒంటిగంటకెందుకో, అన్ని లెక్కలూ నాలుగింటికే ఎందుకు తేలతాయో.

"అత్తా, వీడిప్పుడే పీచ్ పండు తిన్నాడు. నేను చూశాను," అని అరిచాను.

"అబద్ధం! నేను తినలేదు!"

అత్త నన్ను చూసింది. "తిన్నాడా?" అంది, వాడి రెక్క వదలకుండానే. "అయితే ఇంకో పావుగంట. చూసినవాళ్ళున్నాక నేనేం చెయ్యగలను?"

పావుగంటలోపే అమ్మ వచ్చింది. నడిచి కాదు, పరుగెత్తి. ఏప్రను కూడా విప్పలేదు.

"ఈదేశాడా వదినా? అయిపోయిందా?"

"ఎక్కడయింది? నీ కొడుక్కి అరిగి చస్తేగా! ఊ, పోరా."

రొక్కో దూకాడు. పదిహేను బారల దగ్గర నీళ్ళు మింగాడు. అమ్మ నీళ్ళలోకి నాలుగడుగులు వేసి ఆగింది. వాడు తేరుకుని, కప్పలాగే ఈది, గాడిదబండ ఎక్కి నిలబడి, "అమ్మా, చూశావా!" అని కేకేశాడు.

"చూశాన్రా! అంతా చూశాన్రా!"

ఇంటికి వెళ్తూ నేను అత్త పక్కన నడిచాను. "ఎప్పటినుంచత్తా ఈ మూడు గంటలు?"

"నున్‌జియా మొదటి అడుగులు ఈ ఇసుకలోనే వేసింది, గుర్తుందా? మధ్యాహ్నం పన్నెండింటికి. నేను సంబరపడిపోయి సాయంత్రం మీ అమ్మకు చెప్పాను. ఎంత బాగుందో అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. అంట్లు తోముతూ ఆ ఏడుపు నేను విన్నాను." చెప్పుల్లో ఇసుక దులుపుకుని, "ఆ మర్నాటినుంచి," అంది అత్త. వెంటనే నా చెవి పట్టుకుంది. "పీచ్ పండు సంగతి అబద్ధం. ఇంకోసారి ఆడితే తోలు తీస్తాను." చెవి మెలిపెట్టలేదు, ఇల్లు వచ్చేదాకా అలాగే పట్టుకుని నడిచింది.

సెప్టెంబరులో హోటల్ మూసేశారు. మర్నాడు పొద్దున్నే అమ్మ మాతో వచ్చింది. పాలు ఎనిమిదింటికే తాగి, తొమ్మిదింటికే నీళ్ళలో పడ్డాం. అత్త ఆ రోజు గడియారం తేనే లేదు. ఒంటి గంటకు అందరం భోంచేశాం. అత్త రెండుసార్లు వడ్డించుకుంది. తర్వాత మెల్లగా లేచి, నల్ల గౌను విప్పి మడతపెట్టింది. లోపల, నమ్మండి, నీలం రంగు ఈతబట్టలు! తిన్నగా నడిచి వెళ్ళి ఒక్క మునక వేసింది.

"అత్తా, ఇప్పుడేగా తిన్నావు!" రొక్కో రెండు చేతులా తల పట్టుకున్నాడు.

"నాకు అరిగిపోయిందిరా," అని నీళ్ళలోంచి అరిచింది. నిజానికి ఆవిడ మా ఊళ్ళో అందరికన్నా బాగా ఈదుతుంది. వెల్లకిలా తేలుతూ, "రావే అస్సుంతా!" అని అమ్మను పిలిచింది. అమ్మ సిగ్గుపడుతూనే వెళ్ళింది. ఇద్దరూ గాడిదబండ దాటి పోయారు. అక్కడ తలలు రెండూ దగ్గరగా పెట్టి ఏదో చెప్పుకుని పగలబడి నవ్వారు. ఏం చెప్పుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఉంది.

నున్‌జియా నా పక్కన నిలబడి చాలాసేపు వాళ్ళను చూసింది. "అక్కా," అంది, "అంత నోరు తెరిచి నవ్వుతున్నారే, సముద్రమంతా లోపలికి పోదూ?"