వెంట్రుకను పట్టే మొనలు

జనవరి, రెండో సోమవారం. ఉదయం పదకొండు. హాజరైనవారు: సర్జన్ మేజర్ గారు, మత్తు డాక్టర్ కెప్టెన్ గారు, రేడియో ఆపరేటర్, ఆపరేషన్ థియేటర్ సహాయకుడిగా నేను.

కొండ మీది ఆ వైద్య శిబిరానికి నేను చేరి వారమే అయింది. ఇసుక బస్తాల గోడలు, రేకుల కప్పు, మధ్యలో కిరసనాయిలు పొయ్యి. బయట మైనస్ పన్నెండు. మంచు ఆగకుండా పడుతోంది.

స్ట్రెచర్ మీద ఒక సిపాయిని తెచ్చారు. మోర్టారు గుండు ముక్క తగిలి కుడి మణికట్టు దగ్గర, చేతికి రక్తం తెచ్చే నాళాలు రెండూ తెగాయి. వేళ్ళు పాలిపోయాయి.

కింది స్థావరం రేడియోలో చెప్పింది: "హెలికాప్టర్ రాదు. చెయ్యి తీసేసి ప్రాణం దక్కించండి."

సిపాయి నొప్పికి "అమ్మా" అన్న తీరు విని అడిగాను. "ఏ ఊరు నాయనా?"

"సూర్యలంకండి. మీది?"

"తెనాలి."

"తెనాలోళ్ళు మాటలు బాగా కుడతారంటగా. నరం కుట్టగలరా బాబాయ్? వల ఇసిరేది ఈ చేత్తోనే."

"కుట్టేది మేజర్ గారు. నేను పనిముట్లు అందిస్తాను."

"ఐతే ఆయనకి చెప్పు. చెయ్యి తీసేస్తే నన్ను లేపొద్దని."

చెప్పాను. మేజర్ గారు రేడియో ఆపరేటర్ వైపు తిరిగారు. "తియ్యడం లేదని చెప్పు. ఎందుకని అడిగితే, పనిలో ఉన్నానను."

రక్తనాళం అంచును మామూలు ఫోర్సెప్స్‌తో, అంటే పట్టకారుతో, పట్టుకుంటే నలుగుతుంది. నలిగిన చోట రక్తం గడ్డకడుతుంది. దానికి సన్న మొనల ఫోర్సెప్స్ కావాలి. మా దగ్గర ఉన్నవి రెండు. మరిగించే ముందు వాటితో నా ముంజేతి వెంట్రుక ఒకటి పట్టి చూడడం నా అలవాటు. మొదటిదానికి వెంట్రుక జారిపోయింది. ప్రయాణంలో మొన వంగింది. రెండోది పట్టింది.

"ఒకటే పనికొస్తుంది సార్."

"పట్టుకునే ఎడమ చెయ్యి నాకూ ఒకటేగా."

ప్రతి కుట్టుకూ మొన తడిగుడ్డతో తుడిచి ఆయన అరచేతిలో పెట్టాను. ఇనుప ట్రేలో ఒక్కసారీ పడనివ్వలేదు. రేడియో మళ్ళీ పిలిచింది. ఎవరమూ తలెత్తలేదు.

రిటైరై తెనాలి వచ్చాక బాపట్ల, రేపల్లె బళ్ళలో మాట్లాడమని పిలుస్తుంటారు. "తుపాకీ కబుర్లు చెప్పండి సార్" అంటారు మాస్టర్లు. చెప్పను. ఈ ఫోర్సెప్స్ గురించే చెబుతాను. పిలవడం మానేస్తే మానేయనీ.

ఆపరేషన్ మర్నాడు పొద్దున మంచు ఆగింది. రక్తం పారుతోందో లేదో చూద్దామని సిపాయి కుడిచేతి బొటనవేలి గోరు నొక్కాను. తెల్లబడింది. వదిలాను. గులాబీ రంగు తిరిగొచ్చింది. మళ్ళీ నొక్కాను.

"ఏంటి బాబాయ్, నమ్మకం లేదా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

లేదన్నాను. ఇంకోసారి నొక్కాను.