ఎలుగు ముందా, తూటా ముందా

ఆ కొండల్లో ఒర్మోన్ చేతి చురుకు తెలియనివాళ్లు లేరు. గుర్రాల మీద దౌడు తీస్తూ నేల మీది మేక కళేబరాన్ని అందుకునే ఆటలో, పక్కవాడు వంగేలోపే అది ఒర్మోన్ తొడ కిందికి చేరేది. ఫారెస్టు గార్డు అయ్యాక కూడా ఆ పేరు పోలేదు.

ఏటా అక్రోటు కాయలు రాలే రోజుల్లో కుటుంబాలకు కుటుంబాలే అడవిలో గుడారాలు వేసుకునేవి. ఎలుగుల గురించి వాళ్లకు చెప్పేదీ అతనే. "చప్పుడు చేసుకుంటూ వెళ్లండి, మనుషులున్నారని తెలిస్తే అవే తప్పుకుంటాయి. రెండు కాళ్ల మీద లేచిందంటే మీదికొస్తోందని కాదు, మీరెవరో చూసుకుంటోందంతే. అరవకండి, పరుగెత్తకండి. మెల్లగా మాట్లాడుతూ వెనక్కి జరగండి."

ఒక ఏడు పొరుగింటి బురుల్ అతన్ని పిలిచింది. "పైవాలులో ఎలుగు పెంట కనిపించింది. తోడు రా తమ్ముడూ."

మధ్యాహ్నం వేళ బురుల్ వంగి కాయలు ఏరుతోంది. "రాటలా నిలబడే బదులు నాలుగు కాయలు ఏరొచ్చుగా, నడుం పట్టేసిందా?" అని వెక్కిరిస్తోంది. అప్పుడే ఆమె వెనకున్న పొదలోంచి ఎలుగు లేచి నిలబడింది. పదిహేను అడుగుల దూరం. చెవులు నిక్కబొడుచుకుని, ముక్కు పైకెత్తి గాలి వాసన చూస్తోంది. దాని వెనక రెండు పిల్లలున్నాయి. ఒర్మోన్ ఇదంతా చూశాడు. చూసింది బుర్రకెక్కేలోపే తుపాకి భుజానికెక్కింది, పేలింది.

తూటా ఎలుగు భుజానికి తగిలింది. అది గర్జిస్తూ దూకింది. ఒంటి గొట్టం తుపాకి. మరో తూటా పెట్టడానికి మూడు ఊపిరుల సేపు పట్టింది. ఆ మూడు ఊపిరుల్లోనే అది అడ్డంగా ఉన్న బురుల్ కుడిచేతిని నమిలేసింది. రెండో తూటాకి ఎలుగు కూలిపోయింది. పిల్లలు చెట్టెక్కి కాసేపు ఏడ్చి, తర్వాత ఎటు పోయాయో పోయాయి.

తుపాకి చప్పుడు విని తిరిగేసరికి ఎలుగు పరుగెత్తుకు రావడమే బురుల్ చూసింది. ఎలుగు అప్పటికే మీదికొస్తుంటేనే ఒర్మోన్ కాల్చాడని ఆమె నమ్మింది. ఊరంతా నమ్మింది. పెద్దలు అతనికి మెచ్చుకోలుగా కొత్త అంగరఖా తొడిగారు. బురుల్ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఉన్ని తివాచీలు కుట్టిన చెయ్యి రొట్టె తుంచడానికైనా పనికిరాకుండా పోయింది. అయినా వచ్చినవాళ్లందరికీ ఆ చెయ్యి చూపించి, "చెయ్యి పోతే పోయింది, మా తమ్ముడి వల్ల నేను మిగిలాను" అని చెప్పుకునేది. ఒర్మోన్ తల వంచుకునేవాడు. మర్యాదస్తుడనుకునేవాళ్లు.

ఆరేళ్లు గడిచాయి. బురుల్ మనవడు నడక నేర్చాడు. నడక నేర్చిన బిడ్డ కాళ్లకు నలుపు తెలుపు దారం కట్టి కోయించడం అక్కడి వేడుక. ఆ దారాన్ని కోసినవాడి గుణం బిడ్డకు వస్తుందంటారు. బురుల్ ఎడమచేత్తో కత్తి తెచ్చి ఒర్మోన్‌కిచ్చింది.

"నువ్వే కొయ్యాలి. నీ చురుకు వీడికి రావాలి."

ఒర్మోన్ బిడ్డ దగ్గరికి వెళ్లలేదు. "అక్కా, ఒక్కసారి ఇలా రా," అని ఆమెను పెరట్లోకి తీసుకెళ్లాడు. "అది నీ మీదికి రాలేదక్కా. లేచి నిలబడి చూస్తోందంతే. పక్కనే పిల్లలున్నాయి. ముందు కాల్చింది నేను. ఒక్క క్షణం ఆగి ఉంటే..."

బురుల్ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"ఎందుకు చెప్పావురా?" అంది చివరికి. "ప్రాణానికి బదులు చెయ్యి పోయిందనుకుని బతుకుతున్నాను. ఇప్పుడేమనుకోను?"

అతని చేతిలోని కత్తి తీసుకుని లోపలికెళ్లింది. దారాన్ని వియ్యంకుడు కోశాడు.

ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరుసటేడు కాయలు రాలాక ఒర్మోన్ ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, పైవాలుకి ఏ రోజు వెళుతున్నారు? తోడొస్తాను."

"వద్దులే ఒర్మోన్," అంది బురుల్. తమ్ముడూ అనలేదు. "పళ్లెం మోగించుకుంటూ వెళతాం. మనుషులున్నారని తెలిస్తే అవే తప్పుకుంటాయన్నది నువ్వేగా."

ఆ రోజంతా కింది దారిలో తిరుగుతూ ఒర్మోన్ పైనుంచి వచ్చే ఆ పళ్లెం చప్పుడు వింటూ ఉన్నాడు. అది ఆగినప్పుడల్లా అతని కాళ్లూ ఆగిపోయేవి.