ముక్కులక్క వంచిన ఫ్రేము

తన కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరొచ్చి కూర్చున్నా ఆమె ముందు చూసేది కళ్ళు కాదు, ముక్కు. బొటనవేలూ చూపుడువేలూ ముక్కు మొదట్లో ఆనించి కిందికి జార్చుకుంటూ వచ్చేది. "ఇదిగో, ఇక్కడిదాకా ఎముక. ఇక్కణ్ణించి మెత్తన. జోడు ఎముక మీద కూర్చోవాలండీ, మెత్తన మీద కూర్చుంటే జారిపోతుంది," అనేది. కొత్తవాళ్ళు బిత్తరపోయేవారు. ముక్కూ మొహం తెలియని మనిషి ముక్కు పట్టుకుంటే ఎవరు బిత్తరపోరు! వీధంతా ఆమెను ముక్కులక్క అనేది. ఆ పేరు పెట్టింది సొంత చెల్లెలే కాబట్టి ఆమె కూడా ఏమీ అనలేదు.

చెల్లెలంటే ఆమెకు పంచప్రాణాలు. తల్లి పొద్దస్తమానం పనికి పోతే చంకనెత్తుకుని పెంచింది తనే. ఆ పిల్ల పదేళ్ళ వయసులో సైకిలు మీంచి బోర్లా పడింది. ముక్కు వాచింది, వాపు తగ్గింది, అందరూ మర్చిపోయారు. ఆ తరవాత నోరు తెరిచి నిద్రపోతోందని ఇంట్లో అందరూ తిట్టినవాళ్ళే. ఇప్పుడు బేకరీలో పొయ్యి దగ్గర పని చేస్తోంది. ముక్కుకు వాసన తగలదు కాబట్టి, రొట్టె మాడుతున్న సంగతి వీధిలోవాళ్ళకు తెలిశాక గానీ ఆమెకు తెలియదు. "ఇంకోసారి మాడిందంటే పొయ్యి ముట్టుకోనివ్వను, పోయి కౌంటర్లో కూర్చో," అన్నాడు యజమాని. పొయ్యి వదలాలంటే ఆ పిల్లకు ప్రాణం పోయినట్టే. అక్క ఆమెను వెంటబెట్టుకుని ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరుగారి బల్ల మీద ముక్కలుగా ఊడదీయగల ప్లాస్టిక్ ముక్కు ఒకటి ఉంది. ముక్కులక్క చేతులు ఊరుకుంటాయా? మాట మొదలవకముందే విప్పేసింది.

"పైన మూడో వంతే ఎముక," అన్నారు డాక్టరుగారు. "మిగిలిందంతా మృదులాస్థి, అంటే మెత్తటి ఎముక. మధ్యలో ఇదిగో గోడ. దానికి అటూ ఇటూ చూరులా వాలినవి రెండు. కొన దగ్గర వంగిన రేకులు ఇంకో రెండు. మీ చెల్లెలికి గోడ ఎడమకి ఒరిగి, గాలి దారి మూసేసింది."

"గోడ తీసేస్తారా? కప్పు కూలిపోదూ?"

"కూలుతుంది. అందుకే పైన ఒక పట్టీ, ముందు ఒక పట్టీ వదిలేసి మధ్యలోదే తీస్తాం. తీసినదాన్ని సన్నగా చెక్కి, గోడకీ చూరుకీ మధ్య పెడతాం. దారి తెరుచుకుని ఉంటుంది."

"వంగింది మళ్ళీ వంగదాండీ?"

"వంగాలనే చూస్తుంది. పాత వంపు ఓ పట్టాన వదలదు. మేం గాట్లు పెట్టి, కుట్లు వేసి నిలబెడతాం."

"అరె! మా ప్లాస్టిక్ ఫ్రేమూ అంతేనండీ. వేడి చేసి వంచాక చల్లారేదాకా పట్టుకోకపోతే మళ్ళీ మొదటికొస్తుంది."

డాక్టరుగారు నవ్వి, చెల్లెలి కళ్ళజోడు తీయించి చూశారు. "బయటికి కూడా ఇంత ఒరిగింది కదమ్మా, ఇన్నేళ్ళూ మీ కంట పడలేదా?"

ముక్కులక్క వంగి చూసింది. నిజమే, ఒరిగే ఉంది! రోజూ ముక్కులు చూసే తనకు ఈ ముక్కు ఎప్పుడూ తిన్నగానే కనిపించిందే! ఎలా? ఆ ప్రశ్న ఆమెను తొలిచేసింది.

"ఊపిరి బాగా ఆడుతుంది. వాసన సంగతి మాత్రం మాటివ్వలేను," అన్నారు డాక్టరుగారు చివర్లో. చెల్లెలు బిక్కమొహం వేసుకునే సరేనంది.

ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు జోడు ముక్కును తాకకూడదన్నారు. అది లేకపోతే ఆ పిల్లకు ఎదురుగా ఉన్న గోడ కనబడదు. ముక్కులక్క ఫ్రేముకు టేపు కట్టి నుదుటికి అంటించి వేలాడదీసింది. "నన్ను చూస్తే పిల్లలు జడుసుకుంటారే," అని చెల్లెలు నవ్వబోయి నొప్పితో మూలిగింది.

జోడు పెట్టుకోవచ్చని డాక్టరుగారు చెప్పిన రోజు ఇద్దరూ నేరుగా దుకాణానికి వచ్చారు. చెల్లెలు పాత జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంది. 

"అక్కా, ముక్కు కుడికి పోయిందే!"

ముక్కులక్క చెల్లెలి ఎదుటికి వచ్చింది. జోడు తీసి చూసింది. ముక్కు తిన్నగా ఉంది. పెట్టి చూసింది. వంకర. మళ్ళీ తీసింది, తిన్నన. అప్పుడు రోజూ అందరి ఫ్రేములకూ చేసే పనే చేసింది. జోడును బల్ల మీది గాజుపలక మీద బోర్లించింది. సరైన ఫ్రేము కదలకుండా కూర్చోవాలి. ఇది టకటకమని ఊగింది.

డ్రాయరులోంచి చెల్లెలి పాత ఫ్రేములన్నీ తీసి ఒక్కొక్కటే బోర్లించింది. ఆ పిల్ల పడ్డాక చేసిన మొదటి ఎర్ర ఫ్రేము కూడా ఊగింది. కొత్త జోడు చేసిన ప్రతిసారీ చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొహం ముద్దుగా కనబడేదాకా వంచుతూ పోయింది. వంకర ముక్కుకు వంకర ఫ్రేము సరిపోయి, ముక్కు తిన్నగా కనిపించింది. చేతులు చేసిన పని ఆమెకే తెలియదు.

"నేనేనే దాచిపెట్టింది," అంది. "ఈ ఫ్రేములు సరిగ్గా చేసుంటే ఎవరో ఒకరు ముక్కు వంకర చూసేవాళ్ళు. అప్పుడే బాగుచేయించేవాళ్ళం. అందరితో పాటు నేనూ నిన్ను తిడుతూ కూర్చున్నాను." బల్ల మీద తల పెట్టుకుని బావురుమంది.

"ఛ, ఊరుకో! ఊపిరి ఎంత హాయిగా ఆడుతోందో తెలుసా?" అంటూ చెల్లెలు వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. మొహం అక్క భుజం మీద ఆనించి ఠక్కున ఆగిపోయింది. నోరు మూసుకుని గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"అక్కా, ఏంటే ఇది? సబ్బూ, ప్లాస్టిక్కూ కాకుండా ఇంకోటేదో ఉంది."

"ఏమోనే, నా వాసన నాకేం తెలుస్తుంది?"

"నాకు తెలుసు," అంది చెల్లెలు, వదలకుండానే. "పడకముందు నన్ను ఎత్తుకునేదానివి కదా, అప్పటిదే."