మామ ఉన్ని టోపీ

దయ్యాలు, ఆత్మలు ఉంటాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను. మొన్నటి ఎండాకాలం నా కళ్లముందు జరిగింది మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నేనూ, తమ్ముడు నరేశ్ తార్నాకలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాం. మామ మిలిటరీలో చేశాడు. మంచుకొండల్లో యుద్ధం చూసొచ్చిన మనిషి. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడడు. అక్కడ పెట్టుకున్న ఉన్ని టోపీ మాత్రం బీరువాలో దాచుకున్నాడు. కళ్లు, ముక్కు తప్ప తలంతా మెడదాకా కప్పేసే టోపీ.

క్యాంపస్ నాటకంలో సైనికుడి వేషం కోసం నరేశ్ అది అడిగాడు. మామ బీరువా తెరిచి, రెండు చేతులతో తీసి ఇచ్చాడు.

రిహార్సల్ మధ్యాహ్నం పూట, చెట్ల కింద. చూడ్డానికి నేనూ వెళ్లాను. ఊరికే కూర్చున్న మాకే చెమటలు కారిపోతున్నాయి. టోపీ పెట్టుకున్న నరేశ్‌కు మాత్రం చుక్క చెమట లేదు. కాసేపటికి వణకడం మొదలుపెట్టాడు. బాగా నటిస్తున్నాడనుకున్నాం.

నాటకంలో వాడి దోస్తు శ్రీను చనిపోయినట్టు పడుకోవాలి. నరేశ్ పక్కన మౌనంగా కూర్చోవాలి, అంతే. కానీ వాడు శ్రీను చెంపలు వాయించసాగాడు.

"లే రా! పండుకోకు! పండుకుంటే పోతవ్ రా!"

గొంతు వాడిదే. అందులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

శ్రీను జడుసుకుని లేచి కూర్చున్నాడు. వెంటనే నరేశ్ కుప్పకూలాడు. పరుగెత్తి టోపీ లాగేశాను. పెదాలు నీలంగా ఉన్నాయి. చెవులు తెల్లగా పాలిపోయి, ముట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి. గిల్లినా వాడికి తెలియలేదు. ఆటోలో ఆస్పత్రికి పోతుంటే, చెవులు నా అరచేతులతో ఎంత రుద్దినా వేడెక్కలేదు.

డాక్టర్ చూసి, "ఈ మధ్య మంచు ప్రాంతాలకేమైనా పోయొచ్చిండా?" అనడిగాడు. చలికి దెబ్బతిన్న చెవులట.

సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం. నరేశ్‌కు ఏదీ గుర్తులేదు. మామకు జరిగిందంతా చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"లేచిండా బిడ్డా?"

"నరేశ్ బాగనే ఉన్నడు మామా."

"నరేశ్ కాదు. ఆ పండుకున్న పిలగాడు. లేచిండా?"

"లేచిండు మామా."

"ఆ మంచుల నా దోస్తు, నేను లేపితే లేవలే బిడ్డా" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మామ ఏడవడం మేం చూడ్డం అదే మొదటిసారి.

నరేశ్ చెవుల మీద పొక్కులు మానడానికి వారాలు పట్టాయి. ఆ మండుటెండలో అంత చలి ఎక్కడిదో, మామ ఎవరికీ చెప్పుకోని మాట తమ్ముడి నోట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.