లోపలి గడియ

మిరపకాయల తొడిమలు తీసే పనికి కనిగిరి నుంచి గుంటూరు వచ్చిన నాగేంద్రమ్మ, కూతురు అనూషతో ఐదేళ్లు లోపల గడియ లేని గదిలో ఉంది. అది మిరప బస్తాల కోసం కట్టిన షెడ్డు. గొళ్లెం బయటే ఉంటుంది. బస్తాలు లోపలి నుంచి తలుపేసుకోవు కదా!

"లోపల గడియ పెట్టించండయ్యా, ఆడపిల్లతో ఉంటున్నా" అని ఒకసారి అడిగింది.

"నీ దగ్గరేం బంగారం ఉందే, దొంగలు పడటానికి?" అని యజమాని నవ్వాడు.

ఆమె మళ్లీ అడగలేదు. రోజూ తలుపుకు బియ్యం బస్తా అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించి పడుకునేది. రెండుసార్లు ఎవరో బయటి నుంచి నెట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు కనిగిరిలో సొంత ఇల్లు. అనూష కొత్త తాళం, రెండు గడియలు బిగించింది.

"ఇంకా ఆ బస్తా ఎందుకే అమ్మా? ఏనుగొచ్చినా ఈ తలుపు కదలదు."

"ఉండనీవే. నెడుతున్నారు."

అనూష తలుపు తీసి చూపించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వాకిలి ఖాళీగా ఉంది. తలుపు మూయగానే నాగేంద్రమ్మ బస్తాను మళ్లీ జరిపి, వీపు ఆనించి కూర్చుంది.

మీ షెడ్లలో, మిల్లు గదుల్లో కూలీలు ఉంటున్నారా? ఈరోజే వెళ్లి, లోపల నిలబడి తలుపేసి చూడండి. గడియ లేకపోతే, వాళ్లు అడిగేదాకా ఆగకండి.