సినిమా ఎంగిలి పుస్తకం

సినిమాను బట్టి రాసిన నవల సాహిత్యమా కాదా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను. ఒకప్పుడైతే ఠక్కున చెప్పేదాన్ని, కాదని. మదురైలో ఇంగ్లీషు సాహిత్యం చదివి పట్టా పుచ్చుకున్నదాన్ని, ఆ మాత్రం పొగరు ఉండదూ! నవలను సినిమాగా తీస్తే గొప్ప, సినిమాను నవలగా రాస్తే ఎంగిలి. మా క్లాసులో అందరం అలాగే అనుకునేవాళ్ళం.

మదురై దగ్గరి వాడిపట్టి నుంచి కోయంబత్తూరు పక్కనున్న పీలమేడుకు కోడలిగా వచ్చాను. మా ఆయనకు స్పిన్నింగు మిల్లులో పని. ఇంట్లో మేమిద్దరం, అత్త. మామ లేడు. లేడంటే చనిపోయాడని కాదు. మిల్లు మూసేసి నెలల తరబడి తెరవకపోతే, ఉత్తరాది మిల్లుల్లో పని చూసుకుంటానని రైలెక్కాడట. రెండు జాబులు వచ్చాయట, ఆపైన ఏమీ లేదు. నేను కాపురానికి వచ్చేసరికి పన్నెండేళ్ళు నిండుతున్నాయి. అన్నేళ్ళు కబురు లేకపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించాలని మా వాళ్ళలో ఆచారం. అది జరిగేదాకా ఆ మనిషికి ఇల్లూ ఉండదు, గతీ ఉండదని పెద్దల మాట. బంధువులు మా ఆయన్ని పొడుస్తూనే ఉన్నారు. పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకొచ్చిన పిల్ల అత్త ముందుకొచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక నిలబడిపోయేది. అత్త మాత్రం అడిగినవాళ్ళందరికీ "చూద్దాంలే" అనేది.

ఆ రోజుల్లోనే పాత పుస్తకాల అంగట్లో ఒక ఇంగ్లీషు నవల కొన్నాను. అట్ట మీద ఆకాశనౌక, ఫలానా సినిమాకు నవలారూపం అని పెద్ద అక్షరాలు. సిగ్గేసి అట్టకు పేపరు చుట్టాను. సిగ్గంటే సిగ్గే, చదవడం మాత్రం మానలేదు!

ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ అత్త అడిగింది. "ఏముంది దాంట్లో, అట్ల మునిగిపోయుండావు? నాకూ చెప్పు అమ్ముణీ."

తమిళనాట పుట్టి పెరిగినవాళ్ళం, మా ఇంట్లో మాటంతా తెలుగే గానీ తెలుగు అక్షరం ఎవరికీ రాదు. నాకూ అప్పటికి రాదు. ఇంగ్లీషు చూస్తూ మా ఇంటి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఒకడు పెళ్ళాన్నీ బిడ్డనీ వదిలి నౌకలో చుక్కల అవతలికి పోతాడు. ఆ వేగానికి అక్కడ వాడికి ఒక ఏడు గడిస్తే ఇక్కడ భూమ్మీద ఎన్నో ఏళ్ళు గడిచిపోతాయి.

అత్త చేతులు ఆగిపోయాయి. "అట్లయితే ఆయనకు ఒక ఏడే అయిందా?"

"అవునత్తా."

"ఈమెకు ఈడ తల నెరిసిపోయెనా? అయ్యో పావం. లేటయిందని ఆయనకు తెలీదు గదా!"

ఆ 'ఆయన' ఎవరో నాకు తెలుసు. తెలిసే ముందుకు పోయాను.

కడపటి అధ్యాయంలో నౌక చెడిపోతుంది, వాడు తిరిగి రాడు. దానికి ముందు నాలుగైదు పేజీల నిండా వాడి ఆలోచనలు. పేజీలు నింపడానికి రాసినవాడు సాగదీశాడని నేను గబగబా తిప్పేశాను. అత్త నా ముఖంలోకే చూస్తోంది. "వచ్చేసినాడా?"

"వచ్చేశాడత్తా." అక్కడితో ఆగానా, లేదు. వాడు నౌక దిగినట్టు, ముసలిదైపోయిన పెళ్ళాం వాణ్ణి గుర్తుపట్టినట్టు, వాడు బోరుమన్నట్టు అల్లి మరీ చెప్పాను. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. పుణ్యం కట్టుకున్నాననుకున్నాను, నా మొహం!

వారంలో బంధువులు పురోహితుణ్ణి వెంటబెట్టుకొచ్చి కర్మకు రోజు అడిగారు. అత్త అడ్డంగా తలూపింది. "మీకు పన్నెండేళ్ళు. ఆయనకు ఆడ ఎంతయిందో మీకెవురికి తెలుసు?"

వాళ్ళు వెళ్ళాక మా ఆయన నన్ను నిలదీశాడు. "ఏం చెప్పిపెట్టినావు మా అమ్మకు?" ఏదో కథ అన్నాను. ముగింపు నేను మార్చానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఏడు కర్మ ఆగిపోయింది, మరుసటి ఏడూ ఆగిపోయింది. రోజూ బియ్యం కడిగేటప్పుడు ఒక పిడికెడు ఎక్కువ పొయ్యమనేది అత్త. ఆ మిగిలిన అన్నం మర్నాడు చద్దిగా నేనే తినేదాన్ని.

అప్పుడు ఆ సినిమా కోయంబత్తూరులో మళ్ళీ వేశారు. అమ్మకు ఆ కథ ఇష్టమని మా ఆయన ముగ్గురికీ మ్యాట్నీ టికెట్లు తెచ్చాడు. తలనొప్పన్నాను, వినలేదు.

ఇంగ్లీషు రాకపోతేనేం, బొమ్మకు భాష దేనికి? నౌకలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అద్దాల టోపీలో వాడి ముఖం కూడా కనబడలేదు. తెర నల్లబడింది, జనం లేచారు. అత్త లేవలేదు. "దిగలేదే?" అంది నాతో.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా నా ఎదుట కూర్చుంది. "పొస్తకం ఎత్తుకో. ఉండేది ఉండినట్ల చెప్పు."

నేను తిప్పేసిన పేజీలు తెరిచాను. ఒక్కో దీపం ఆరినప్పుడల్లా వాడికి ఇంట్లో ఒక్కొక్కటి గుర్తొస్తోంది. పెరటి తలుపు గడియ వదులుగా ఉండేది, బాగు చేయకుండానే వచ్చేశాను. బిడ్డకు ఆనాడు ఒళ్ళు కాలుతుండె, తగ్గిందో లేదో. బయల్దేరేముందు కాఫీ చల్లారిందని పెళ్ళాం మీద అరిచాను. ఇవేవీ సినిమాలో లేవు. ఉండలేవు. ఆ కనబడని ముఖానికి ఎవరో కూలికి రాసేవాడు కూర్చుని మనసు పెట్టాడు. నేను దాన్ని పేజీలు నింపడమన్నాను! అది పీకేసి నా చవకబారు ముగింపు అతికించాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

అత్త మెల్లగా అడిగింది. "తలుచుకున్నాడా, ఆయన?"

"తలుచుకున్నాడత్తా."

"గడియ కూడానా?"

"గడియ కూడా."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొడుకును పిలిచి పొద్దున్నే పురోహితుణ్ణి రమ్మని చెప్పమంది. నేను కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపింది.

"వచ్చినాడా లేదా అనేదా నాకు ముఖ్యం? తలుచుకున్నాడని చెప్పుంటే చాలుండె గదా అమ్ముణీ. అప్పుడే పంపించేసుందునే. రెండేండ్లు ఆయన్ని వాకిట్లోనే నిలబెట్టేస్తిమే!"