ఆరు కిటికీల బంగ్లా

మొన్న కతర్‌గామ్ వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగితే, పక్కనే ఉన్న పాత లాడ్జి బంగ్లాకు సున్నం వేస్తున్నారు. కాలేజీ అమ్మాయి ఒకతి ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటూ, కిటికీలు ఎంత బాగున్నాయోనని స్నేహితురాలితో గుజరాతీలో మురిసిపోతోంది. ఆ ఆరు కిటికీల సంగతి చెబుదామనిపించింది. బండి ముందుకు పోనిచ్చాను.

లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చేది కాదు. వెనకటి రోజుల నుంచీ షావుకార్లు, వకీళ్లు అన్నదమ్ములమని ప్రమాణాలు చేసుకుని, తలుపులు మూసుకుని సమావేశమయ్యే చోటు. జనం భూత్ బంగ్లా అనేవారు. మేం అన్నం తినకపోతే అమ్మ దాని పేరు చెప్పే బెదిరించేది. తెలుగునాట నుంచి ఇక్కడికి వలసొచ్చి నడిపిన సాంచాల, అంటే మరమగ్గాల, మోతకు చెవులు మందగించాక మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, అక్కడ చౌకీదారుగా కుదిరాడు. "దయ్యాలు గియ్యాలు ఏం లేవు బిడ్డా. మన కులసంఘం అసొంటిదే. కాకుంటే ఈళ్లు కొట్లాడుకోరు," అనేవాడు.

ఒకసారి నన్ను లోపలికి తీసుకెళ్లాడు. నలుపు తెలుపు గళ్ల నేల, నీలం కప్పు మీద బంగారు చుక్కలు, తూర్పున మూడు మెట్ల వేదిక. కానీ వీధిలోంచి కనిపించే కమాను కిటికీల జాడే లేదు! లోపలి గుట్టు బయటికి పొక్కకూడదని గోడ నిండుగా కట్టేసి, అందం కోసం బయట మాత్రం చెక్క రెక్కలు బిగించారట. పెద్దబాపుకు ఆ హాలంటే ప్రాణం. ఎండుగాలి తగిలితే పోగు తెగుతుందని కిటికీలు మూసుకుని బతికిన నేతవాళ్లం కదా. "ఈడ మగ్గం పెడితే ఒక్క పోగు తెగది," అంటూ ఆ గోడను నిమిరాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలం, పెద్దబాపుకు జ్వరం, దగ్గు. నవాగామ్‌లో మాది ఒకటే గది. ఏడుగురం, అందులో నా పిల్లలిద్దరూ పసివాళ్లు. ఆసుపత్రుల్లో మంచాల్లేవు. "పోరగాండ్లకు అంటియ్యాల్నా ఏంది? తాళంచెవి నా దగ్గర్నే ఉన్నది. జర బంగ్లాల దింపు," అన్నాడు. లాడ్జి పెద్దమనిషికి ఫోన్ చేస్తే సరేనన్నాడు. స్కూటర్ మీద నా వీపుకు ఆనుకుని కూర్చున్నాడు, ఒళ్లు పెనంలా కాలుతోంది. హాలు తలుపు బార్లా తెరిచి పక్క వేశాను. "తలుపెయ్యి బిడ్డా, గాలి తాకుతది," అన్నాడు. వేశాను. నాకూ అదే మేలనిపించింది.

సాయంత్రం ఫోన్‌లో తెలుగు డాక్టరమ్మ దొరికింది. "ఆయనున్న గదికి కిటికీలున్నాయా? గాలి బాగా ఆడాలి. లేకపోతే వెంటనే ఇంటికి తెచ్చి తలుపు దగ్గర పడుకోబెట్టండి," అంది. నా ఎదురుగా చాప మీద పిల్లలు ఆడుకుంటున్నారు.

"ఆరున్నాయమ్మా, పెద్దవి," అన్నాను.

"అయితే మంచిదే. అక్కడే ఉంచండి."

నాలుగో రోజు పొద్దున ఎప్పటిలా గంజి పట్టుకెళ్లి తలుపు లాగేసరికి, పెద్దబాపు నా కాళ్ల దగ్గరే ఉన్నాడు. పక్క మీంచి అంతదూరం పాక్కుంటూ వచ్చి, తలుపు కింది సందుకు నోరు ఆనించి పడుకున్నాడు. ఒళ్లు చల్లగా ఉంది.

పిల్లలకు ఏమీ కాలేదు. వయసైపోయింది, రోగం అలాంటిది అన్నారు అందరూ. కావచ్చు. డాక్టరమ్మతో ఏమన్నానో నా భార్యకు కూడా చెప్పలేదు. ఆ మాట అనడానికి నాకు పట్టింది ఒక్క క్షణం. ఏళ్లు గడిచిపోతున్నాయి గానీ, ఆ క్షణం మాత్రం గడవడం లేదు.